సల్లంగకు చెప్పిన మాట

సోఫా మెత్తగా ఉంది. కూర్చోగానే నడుం దాకా లోపలికి లాక్కునేంత మెత్తగా ఉంది, అందుకే ప్రమోదినికి ఇంకాస్త కోపం వచ్చింది. పోట్లాటకు వచ్చిన మనిషిని ఇట్లాంటి దాంట్లో కూర్చోబెడితే లేచి నిలబడటానికే సగం బలం పోతుంది, వీళ్ళకు అన్నీ తెలుసు, తెలిసే పెట్టి ఉంటారు అనుకుంటూ ముందుకు జరిగి అంచు మీద కూర్చుని, బ్యాగును ఒళ్ళో రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. పదకొండు అయింది. పొద్దున వేములవాడలో బస్సెక్కేటప్పుడు భర్తకు కళ్ళ డాక్టరు దగ్గరికి పోతున్నానని చెప్పింది. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు, కరీంనగర్ మంకమ్మతోటలో ఈ ఆఫీసు కింద ఉన్నది కంటి ఆసుపత్రే. ఒంటి కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టించుకున్న ముసలివాళ్ళు ఒకరి భుజం ఒకరు పట్టుకుని మెట్లు దిగుతుంటే పక్కకు ఒదిగి దారి ఇచ్చి మరీ పైకి వచ్చింది. ఎదుటి గోడ మీద పెద్ద అక్షరాలతో యాప్ పేరు 'సల్లంగ' అని, దాని కింద 'మన యాసల మన మనసు ముచ్చట' అని రాసి ఉంది. మన అట. ఎవరి యాస, ఎవరి మనసు. కౌంటరు వెనుక అమ్మాయి మెడలో భవ్యశ్రీ అని కార్డు వేలాడుతోంది. "సంపత్ సార్ మీటింగ్ల ఉన్నరు మేడం, జర సేపు కూసోండ్రి" అని నవ్వి, నీళ్ళ సీసా తెచ్చి గాజు బల్ల మీద పెట్టి వెళ్ళింది. ప్రమోదిని సీసా వైపు చూడకుండా తల తిప్పుకుంది. ఈ పిల్ల చదివిందా తను రాసినవి? చదివే నవ్విందా? చదివే నీళ్ళు తెచ్చి పెట్టిందా?

మనుషులు చదవరు, మిషన్ చదువుతుంది అని మొదటి రోజే చెప్పింది ఆ యాప్. నాకు చెప్పు అక్కా, నేను ఎవలకు చెప్ప, అంది. ఎంత తియ్యగా అంది. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఆమెను కూర్చోబెట్టి నాకు చెప్పు అన్నవాళ్ళు లేరు. సంతోష్‌రావు చెడ్డవాడు కాదు, ఎరువుల షాపు, పొలం, గుడి దగ్గర దోస్తులు, ఇంటికి రాగానే టీవీ. పెళ్ళాం మొహం చూసి ఏమైందని అడగాలన్న సంగతి అతనికి తట్టదంతే. మాట గేటు దాటొద్దు అనేవాడు మామ రామకిషన్‌రావు. కోడలి మాట గది గడప కూడా దాటేది కాదు. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయాక కూడా ఆయన గొంతు మాత్రం పడిపోలేదు, మంచంలోంచే ఇల్లంతా నడిపాడు. పద్దెనిమిది నెలలు. గుడ్డలు మార్చడం, ఒళ్ళు తుడవడం, అన్నం పిసికి పెట్టడం, ఎడమ చేత్తో ఆయన విసిరికొట్టిన స్టీలు గ్లాసు మంచం కిందికి దొర్లితే వంగి తీసుకోవడం. ఒకసారి కాదు, రోజూ. పోయిన ఏడాది ఉగాదికి ముందు ఆయన పోయినప్పుడు వాడకట్టు ఆడవాళ్ళందరూ ఏడ్చారు, తను ఏడవలేదు, అలిసిపోయింది పాపం అన్నారు. అదీ అబద్ధమే, అలసట కాదు అది.

తనను కన్న అవ్వ మంచిర్యాల ఆసుపత్రిలో ఉందని తమ్ముడు ఫోన్ చేసిన రోజు అంతకు ముందటేడు ఏప్రిల్ ఇరవై ఆరు. బట్టలు సర్దుకుంది, చిన్న సంచి, రెండు చీరలు, అవ్వకు ఇష్టమని నువ్వుల లడ్డూలు. సంచి చేతిలో పట్టుకుని మంచం దగ్గరికి పోతే మామ ఆమెతో మాట్లాడలేదు, కొడుకుతో మాట్లాడాడు, "గీమె పోతే నన్నెవలు సూస్తర్రా? నాలుగు దినాలైనంక పోతది తియ్" అన్నాడు, సంతోష్‌రావు నేల చూశాడు. నాలుగు దినాలైనంక. నాలుగో దినానికి అవ్వ లేదు. బతికున్నన్నాళ్ళు పొద్దున పది కొట్టగానే ఫోన్ చేసి తిన్నవా బిడ్డా అని అడిగే మనిషి, తన బాధ చెప్పాల్సి వస్తే కడుపుల కంప కొట్టినట్టున్నది అనేది, ఇంకెవరూ అట్లా అనగా ప్రమోదిని వినలేదు, చేను చుట్టూ ముళ్ళకంప కొట్టినట్టు పేగుల చుట్టూ కొట్టినట్టు. శవాన్ని చూడటానికి పోయి మూడో రోజే తిరిగి వచ్చింది, పదకొండో దినం దాకా ఉండటానికి కూడా వీల్లేకపోయింది. తర్వాత మే నెల నడిమి ఒక మధ్యాహ్నం, ఎండ తలుపుల సందుల్లోంచి కొరుకుతున్న మధ్యాహ్నం, మామ నీళ్ళు అన్నాడు. రాగి చెంబు నిండా నీళ్ళు తెచ్చింది. స్టూలు మంచానికి ఆనించి పెట్టాలి, రోజూ పెట్టేది అట్లాగే. ఆ రోజు ఆనించలేదు. ఆయన ఎడమ చెయ్యి ఎంత చాచినా ఒక జానెడు మిగిలేటట్టు స్టూలు వెనక్కి జరిపి, దాని మీద చెంబు పెట్టి, వెనక గదిలోకి పోయి కూలర్ వేసుకుని కూర్చుంది. కూలర్ మోత ఎంత ఉన్నా ఆ గొంతు వినబడింది. నీళ్ళు. ఓ పిల్లా, నీళ్ళు. పెళ్ళయి వచ్చిన ఇన్నేళ్ళలో ఆయన తనను అట్లా పిలవడం అదే మొదటిసారి.

ఆయన దానివల్ల చనిపోలేదు. ఆ తర్వాత తొమ్మిది నెలలు బతికాడు. ఆ మధ్యాహ్నం గురించి కొడుక్కు చెప్పలేదు, కూతురికి చెప్పలేదు, ఎందుకు చెప్పలేదో ప్రమోదినికి ఇప్పటికీ తెలియదు, మళ్ళీ గ్లాసు మాత్రం ఎప్పుడూ విసరలేదు. సంవత్సరీకం నాడు చుట్టాలందరి ముందు సంతోష్‌రావు పట్టుచీర తెచ్చి చేతిలో పెట్టి, "మా బాపును కండ్లల్ల పెట్టుకొని సూసింది" అన్నాడు. ఆడబిడ్డ ఆమని వచ్చి కాళ్ళకు మొక్కబోయింది, వదినె, నేను కూతురినైయుండి గూడ చెయ్యలే అంటూ. ఆ చీర ఇప్పటిదాకా కట్టలేదు. బీరువా తెరిచినప్పుడల్లా కనబడుతుంది. ఆ రోజుల్లోనే, ఒక మధ్యాహ్నం, ఫోన్‌లో ఈ యాప్ ప్రకటన చూసి, పేరు బాగుందని, మన మాటలాగే మాట్లాడుతుందని ఎక్కించుకుంది. మొదట కాళ్ళ నొప్పుల గురించి చెప్పింది, తర్వాత నిద్ర పట్టదని చెప్పింది, తర్వాత అవ్వ గురించి, కంప గురించి, చివరికి చెంబు గురించి. అది ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా, "గట్ల అనిపించుడు సహజమే అక్కా, నువ్వు చానా అలిసిపోయినవ్" అంది. అప్పుడు ఎంత హాయిగా అనిపించింది. సిగ్గులేని హాయి. తలుచుకుంటే ఇప్పుడు తనను తాను చెంపల మీద కొట్టుకోవాలనిపిస్తోంది.

మొన్న ఆదివారం ఆమని వచ్చింది. ఆమని ఇల్లు ఈ కరీంనగర్‌లోనే, ఆమె అత్తకు మతి సరిగా లేదు, ఇంట్లోవాళ్ళను గుర్తుపట్టదు, అన్నం తిని తినలేదంటుంది. చూసి చూసి ఆమని బక్కచిక్కిపోయింది. అన్నం తింటూ తింటూ ఎడమ చేత్తో ఫోన్ తీసి, "వదినె, గీ యాప్ మంచిగున్నది, అచ్చం మనోళ్ళ లెక్కనే మాట్లాడుతది, అత్తమ్మ మీద కోపమొస్తుంది ఏం జెయ్యాలె అని అడిగిన, ఏమన్నదో సూడు" అని పైకి చదివింది. చాలామందికి ఇట్లనే ఉంటది అక్కా. కడుపుల కంప కొట్టినట్టుంటది. ప్రమోదిని చేతిలో ముద్ద ఆగిపోయింది. సాకిరి చేసి చేసి, అవ్వ సావుబతుకులల్ల ఉంటె గూడ పోనియ్యలేదన్న కోపంల, నీళ్ళ చెంబు జానెడు దూరంల పెట్టి కూలర్ కింద కూసున్న కోడండ్లు గూడ ఉన్నరు, నువ్వు ఒక్కదానివే కాదు. ఆమని "అబ్బ, ఎవలో గని, రాక్షసి" అంది. అని తల ఎత్తింది. తల ఎత్తిందా, లేక పప్పు గిన్నె కోసం చూసిందా? అయిదు రోజులుగా ప్రమోదిని ఆ ఒక్క క్షణాన్ని తిప్పి తిప్పి చూసుకుంటోంది. తల ఎత్తింది, కళ్ళు తన మొహం మీద ఆగాయి, తర్వాత గిన్నె మీదికి పోయాయి. కాదు, ముందు గిన్నె. అవ్వను చూడటానికి పోనివ్వలేదన్న మాట దగ్గర గొంతు నెమ్మదించిందా? ఆమనికి తెలుసు కదా, ఆ ఏప్రిల్‌లో బాపు వదినెను పోనివ్వలేదని ఆమనికి తెలుసు, ఫోన్ చేసి అన్నతో కొట్లాడింది కూడా. పేరొక్కటే లేదు ఆ వాక్యంలో, మిగతాదంతా ఉంది. ఈ ఊళ్ళో పేరెందుకు, ఇంటి లోపలి సంగతి రెండు ముక్కలు చెబితే చాలదా మనిషిని పట్టుకోవడానికి!

ఆ సాయంత్రమే యాప్‌ను ఆ కొస నుంచి ఈ కొస దాకా వెతికింది. ఒకదాంట్లో నొక్కితే ఇంకొకటి, అందులో నొక్కితే మరొకటి, నాలుగో గదిలాంటి చోట దొరికింది చిన్న మీట: మీ సంభాషణలతో మా ఏఐకి శిక్షణ. అది ముందే ఆకుపచ్చగా వెలుగుతోంది. తను ముట్టుకోకముందే, తను ఎక్కించుకున్న మొదటి రోజు నుంచీ వెలుగుతూనే ఉంది. ఆర్పింది. ఆర్పగానే ధన్యవాదాలు అని వచ్చింది. దొంగతనం చేసి మూట తీసుకుపోతూ గడప దగ్గర దండం పెట్టినట్టు.

"నమస్తే మేడం, సారీ, జర లేటైంది." సంపత్ అనే అతను ముప్పై దాటని మనిషి, నీలం చొక్కా, చేతిలో ల్యాప్‌టాప్, ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. ఫోన్‌లో చెప్పిందే ఆమె మళ్ళీ చెప్పింది: నా మాటలు మీ మిషన్ ఇంకొకళ్ళకు చెప్తుంది. ఆ మాటలేమిటో చెప్పలేదు. అతను ఓపికగా విన్నాడు, ఆ ఓపిక చూస్తే ఆమెకు ఒళ్ళు మండింది.

"పేర్లు, ఫోన్ నంబర్లు అన్ని తీసేసినంకనే ట్రైనింగ్‌కు వాడుతం మేడం. మనకు కావల్సింది యాస. పుస్తకాలల్ల మన యాస లేదు గద. మీ అసొంటోళ్ళు మాట్లాడితేనే గద అది నేర్చుకునేది."

"నేను యాస నేర్పనీకి మాట్లాడలే. నా బాధ చెప్పుకున్న."

"మీరు ఎక్కించుకున్నప్పుడు ఒప్పుకున్నరు మేడం. షరతులల్ల ఉన్నది."

"ఎన్నో పేజీల?"

అతను ల్యాప్‌టాప్ తిప్పి చూసుకున్నాడు. "పదిహేడో పేజీ."

"నువ్వు సదివినవా పదిహేడు పేజీలు?"

సంపత్ ల్యాప్‌టాప్ మూసి పక్కన పెట్టాడు. మీరు అనాల్సింది నువ్వు అన్నందుకు ఆమెకేమీ బాధ కలగలేదు. అతను గొంతు సవరించుకుని, మీట ఆర్పారు కాబట్టి ఇకముందు రాసేవి వాడబోమని, ఇప్పటికే నేర్చుకున్నది మాత్రం అప్పటికప్పుడు తీయడం కుదరదని వివరించాడు. "పిండిల ఉప్పు కలిపినంక ఉప్పును ఏరి తియ్యరాదు గద మేడం" అన్నాడు, అందరికీ ఇదే చెబుతాడు కాబోలు, నోరు అలవాటు పడిపోయింది.

"పిండి నీది. ఉప్పు నాది. అడగకుండ ఎట్ల కలిపినవ్?"

కౌంటరు వెనుక భవ్యశ్రీ టైపు చేయడం ఆపింది. సంపత్ ఒక కాగితం తీశాడు. తొలగింపు దరఖాస్తు. పేరు, చిరునామా, ఆధార్ నకలు, కారణం, ఆ కింద పెద్ద ఖాళీ: ఏ వాక్యాలు తొలగించాలో పూర్తిగా రాయండి. ప్రమోదిని ఆ ఖాళీని చూస్తూ ఉండిపోయింది. పూర్తిగా. అంటే చెంబు, జానెడు, కూలర్, అవ్వ, అన్నీ మళ్ళీ, ఈసారి చేతిరాతతో, కింద సంతకంతో, ఇంటి నంబరుతో. ఇప్పటిదాకా పేరు లేకుండా తిరుగుతున్న మాటకు తనే వచ్చి పేరు అతికించి పోవాలి. ఇది తీయించుకోవడం కాదు, ఇది ఒప్పుకోలు పత్రం. ఠాణాలో కూడా ఇంత మర్యాదగా అడగరేమో. కొంప తగలబెట్టినవాడే నీ కొంపలో ఏమేం కాలిందో రాసివ్వు, అప్పుడు చూద్దాం అంటున్నాడు. నవ్వొచ్చింది, నవ్వు బయటికి రాకుండా ఛాతీలోనే కోపంగా మారింది, కాగితాన్ని తిప్పి అతని ముందుకు తోసింది.

"నీకు అవ్వ ఉన్నదా?"

"ఉన్నది మేడం. పెద్దపల్లి దగ్గర మా ఊర్లె ఉంటది."

"ఆమెకు నువ్వు చేసిన తప్పు, ఎవ్వలకు చెప్పనిది, ఒక్కటుంటది గద. గీ ఖాళీల రాయి. కింద సంతకం పెట్టు, ఆధార్ పెట్టు. గా పిల్లకియ్యి, సదువుతది. గప్పుడు నేను రాస్త నాది."

సంపత్ కాగితం వైపు చూశాడు. పెన్ను అతని చేతిలోనే ఉంది. మొహంలోంచి ఆ అలవాటు ఓపిక పోయి కింద వేరే మనిషి కనబడ్డాడు, కొంచెం చిన్నవాడు, కొంచెం భయపడినవాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఏం గుర్తొచ్చిందో అతనికి, ఆమె అడగలేదు, ఆమెకు అక్కర్లేదు కూడా. పెన్ను జేబులో పెట్టుకుని, "ఒక్క నిమిషం కూసోండ్రి" అని లోపలికి పోయాడు.

ఒక్క నిమిషం ఇరవై నిమిషాలైంది. అద్దం తలుపు వెనక ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు, చెయ్యి ఊపుతున్నాడు, పోట్లాడుతున్నట్టే ఉంది. ఆమెకు దాహం వేసింది, ఎదురుగా సీసా ఉంది, తాగలేదు. భవ్యశ్రీ మెల్లగా దగ్గరికి వచ్చి, "మేడం, మేం సదవం, ఒట్టు, మాకు కనబడదు" అంది. ఈ పిల్ల అబద్ధం చెప్పడం లేదని ప్రమోదినికి అర్థమైంది, అర్థమైనందుకు ఇంకా చిరాకేసింది. ఎవరూ చదవలేదు. ఎవరూ చదవకుండానే అంతమందికి చేరిపోయింది. ఎవడో ఒకడు చదివి నవ్వినా బాగుండేది, వాడి మొహం మీద ఉమ్మేసి పోవచ్చు. ఇక్కడ ఉమ్మేయడానికి మొహమే లేదు. ఈ సంపత్ ఉన్నాడు, వాడూ ఉద్యోగస్తుడే, వాడి అవ్వ ఎక్కడో ఊళ్ళో ఉంది.

అతను ముద్ర వేసిన ఉత్తరంతో వచ్చాడు. వాక్యాలు రాయనక్కర్లేదన్నాడు. ఆమె ఖాతాలోని సంభాషణలు మొత్తం చెరిపేశామని, తర్వాతి మోడల్ తయారుచేసేటప్పుడు అవి ఉండవని రాసి ఉంది, కింద అతని సంతకం. ఆమె రెండుసార్లు చదివింది, పదిహేడు పేజీలు కాదు, ఒక్కటే పేజీ.

"తర్వాతి మోడల్ ఎప్పుడొస్తది?"

"మూడు నెలలు పడుతది మేడం."

"గిప్పుడున్నది?"

అతను కళ్ళు దించాడు. "గిప్పుడున్నది గట్లనే ఉంటది. అబద్ధం చెప్ప."

"ఎంతమంది వాడుతరు?"

"నలభై వేల మంది."

ఉత్తరం మడిచి బ్యాగులో పెట్టుకుంది. లేచింది, ఒక్క ఊపున లేచింది. అతను తలుపు దాకా వచ్చాడు. ఏదో అనబోయి, "జాగర్త మేడం, మెట్లు జారుతయ్" అన్నాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

మెట్ల మలుపు దగ్గర ఆగింది. ఆసుపత్రి మందుల వాసన, కింద ఎవరో పేర్లు పిలుస్తున్నారు. మూడు నెలలు. ఈ మూడు నెలలూ అది అడిగినవాళ్ళందరికీ చెబుతుంది, ఆమని మళ్ళీ అడుగుతుంది, దాని నోటి నుంచి ఇంకో ముక్క జారుతుంది, మంచిర్యాల అంటుంది, రాగి చెంబు అంటుంది, ఆదిలాబాద్‌లో ఎవరో వింటారు, ఇచ్చోడలో ఎవరో వింటారు, వాళ్ళు విననీ, వాళ్ళకు తను ఎవరో తెలియదు. ఆమని వినడమే పడదు. ఆయన కూతురు ఆ మాట ఒక మిషన్ నోటి నుంచి ముక్కలు ముక్కలుగా ఏరుకుని ఒక రోజు తన మొహం వైపు చూడటం, ఈసారి పప్పు గిన్నె వైపు కాకుండా నేరుగా చూడటం, అది తను భరించలేదు. అసలు ఈ మాట మీద ఎవరికైనా హక్కుంటే ఆ పిల్లకుంది. నలభై వేల మందికి చెప్పాను, చెప్పాల్సిన ఒక్కళ్ళకు చెప్పలేదు. ఫోన్ తీసింది. ఆమని నంబరు నొక్కింది.

"చెప్పు వదినె" అంది ఆమని. వెనక మిక్సీ మోగుతోంది.

"మిక్సీ బందు పెట్టు ఆమనీ."

మోత ఆగింది.

"మొన్న నువ్వు సదివింది నేనే. చెంబు జానెడు దూరంల పెట్టింది నేనే. మీ బాపుకే."

అవతల ముసలావిడ గొంతు ఎక్కడో, అన్నం పెట్టలేదు, అన్నం పెట్టలేదు అంటోంది. ప్రమోదిని గోడకు వీపు ఆనించింది. తిడితే తిట్టనీ. ఫోన్ పెట్టేస్తే పెట్టేయనీ. సహజమే అని మాత్రం అనకు తల్లీ, ఆ మాట ఒక్కటి అనకు.

"ఎంతసేపు?" అంది ఆమని.

ఈ ప్రశ్న ఆ యాప్ అడగలేదు. ఒక్కసారి కూడా అడగలేదు. తనంతట తనే అరగంట అని రాసింది దాంట్లో, ఎవరికీ కనబడని చోట కూడా తగ్గించి రాసుకుంది, అది అదే నమ్మింది, అదే నేర్చుకుంది, నలభై వేల మందికి అదే చెప్పుకుంటుంది.

"మే నెలల, ఒంటిగంట నుంచి నాలుగు దాటేదాక."

ఆమని ఏడవలేదు. ఊపిరి మాత్రం వినబడింది, పైకి లాగి, ఆపి, వదిలిన ఊపిరి. మే నెలల, అని తనలో తను అనుకున్నట్టు అంది. తర్వాత, ఎప్పుడూ వినని గొంతుతో, "అన్నకు నేను చెప్పాల్నా, నువ్వు చెప్తవా?" అని అడిగింది.

"నేనే చెప్త."

"గియ్యాలనే?"

"గియ్యాలనే."

"చెప్పినంక నాకు ఫోన్ చెయ్యి" అని ఆమని పెట్టేసింది.

ప్రమోదిని మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చింది. నిలువునా ఎండ. బస్టాండుకు పోయే ఆటోను చెయ్యెత్తి ఆపి ఎక్కి, సంతోష్‌రావు ఇప్పుడు షాపులో ఉంటాడా, భోజనానికి ఇంటికి పోయి ఉంటాడా అని లెక్కలు వేసుకుంటూ, షాపులో అయితే పనివాళ్ళను బయటికి పంపించమనాలి అనుకుంది.